పెట్టినదాన్ని తీయగలిగిన రోజు

దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు మీద ఒక తెలుగు ఫాంటు ఉంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు పేరు మీద ఇంకొకటి ఉంది. ఇద్దరూ కృష్ణా జిల్లా వాళ్లే. ఈ రెండు ఫాంట్లూ, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి వంటి పేర్లు పెట్టుకున్న మరికొన్నీ కలిసి డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థలు నడిచే కంప్యూటర్లకు ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. విజయవాడలో ఎవరైనా టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం’ అన్న ముక్కను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఏమేం దిగుతాయో, ఎంత డేటా ఖర్చవుతుందో, డిస్కు మీద ఎంత చోటు పడుతుందో కంప్యూటరు ముందే చెబుతుంది. ఆ తర్వాత దించుకుంటుంది, సంతకం ఉన్న జాబితాతో సరిచూస్తుంది, విప్పుతుంది, ఎక్కడ ఉండాల్సినవి అక్కడ పెడుతుంది. ‘ఇన్‌స్టాల్’ అన్న చోట ‘రిమూవ్’ అని కొడితే ఆ ప్యాకేజీ తెచ్చిపెట్టిన ఫాంట్లన్నీ వెళ్లిపోతాయి.

చూసినవాళ్లు మొదటి సగాన్ని మెచ్చుకుంటారు. ఒక్క ముక్క కొడితే సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చోవడం వింతగానే ఉంటుంది మరి. నా దృష్టిలో మాత్రం గొప్ప ఆవిష్కరణ రెండో సగమే. పెట్టడం ఎలాగో కంప్యూటర్లు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెట్టినదాన్ని పక్కవాటికి దెబ్బ తగలకుండా మళ్లీ తీయడం ఎలాగో తెలుసుకోవడానికే చాలా కాలం పట్టింది. ఆ సంగతి తేలాకే మిగతావన్నీ వచ్చాయి.

1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు యూనిక్స్ కంప్యూటర్ల మీద తెలుగు రాసుకోవాలన్న తపన ఉండేది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ‘రిట్’ అనే ప్రోగ్రాము తయారుచేశారు. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టిన తెలుగును అది తెలుగు లిపిలోకి మార్చేది. ఆర్‌టీఎస్ అని మన వాళ్లంతా పిలుచుకునే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. ఇంతకీ ఆ రోజుల్లో అటువంటి ప్రోగ్రాము ఒకటి కావాలంటే ఏం చేయాలి? అది ఏ ఊరి కంప్యూటరులో ఉందో కనుక్కోవాలి. ఎఫ్‌టీపీతో దించుకోవాలి. అది ‘టార్’ అనే ఒక మూటగా వస్తుంది. విప్పాక రీడ్‌మీ చదవాలి. తన కంప్యూటరుకు తగ్గట్టు మేక్‌ఫైలు దిద్దుకోవాలి. ‘మేక్’ కొట్టాలి. ఏదో లైబ్రరీ లేదని ఆగిపోతుంది. ఆ లైబ్రరీని వెతికి తెచ్చి, దానికి మళ్లీ ఇదే తంతు మొదటి నుంచీ చేయాలి. చివరికి ‘మేక్ ఇన్‌స్టాల్’.

కష్టమంతా అక్కడికి తీరిందనిపిస్తుంది గానీ అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాము ఒకే చోట ఉండదు. నడిచే ఫైలు ‘బిన్’ డైరెక్టరీలోకి, లైబ్రరీలు ‘లిబ్’లోకి, సెట్టింగులు ‘ఈటీసీ’లోకి, వివరణ ‘మ్యాన్’ పేజీల్లోకి, తక్కినవి ‘షేర్’లోకి వెళ్తాయి. వందల ప్రోగ్రాముల ఫైళ్లు అవే డైరెక్టరీల్లో కలిసిపోయి ఉంటాయి. ఏ ఫైలు ఎవరిదో రాసిపెట్టిన చోటంటూ లేదు. ఆరు నెలల తర్వాత ఆ ప్రోగ్రాము వద్దనుకుంటే ఏ ఫైలు చెరపాలి? ఒక లైబ్రరీని చెరిపితే ఇంకే ప్రోగ్రాము ఆగిపోతుంది? తీసే దారి చూపించడం మూల రచయిత ఇష్టం. అతను ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ రాస్తే ఉంటుంది, లేకుంటే లేదు. అందుకే వద్దనుకున్నవి కూడా అలాగే పడి ఉండేవి. కంప్యూటరు మరీ మొరాయిస్తే మొత్తం చెరిపి మొదటి నుంచీ మళ్లీ ఎక్కించుకునేవాళ్లు.

విజయవాడ డీటీపీ సెంటర్లలో పనిచేసిన వాళ్లకు ఈ బాధ మరో రూపంలో తెలుసు. తెలుగు పుస్తకాల అచ్చుకు పేరున్న ఊరు ఇది. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల కోసం ఆ పక్క సందుల్లో కంపోజింగ్ రాత్రింబవళ్లు నడిచేది. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో ఒక్కోదానికి కీబోర్డు ప్రోగ్రాము వేరు, అక్షరాల కోడు వేరు. ఒక సెంటర్‌లో కంపోజు చేసిన పుస్తకాన్ని ఇంకో చోట తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేకపోతే, పేజీ నిండా అర్థం లేని గుర్తులు. ఫాంట్లు ఫ్లాపీల్లో, సీడీల్లో చేతులు మారేవి. ఏ ఫాంటు ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎన్నో వెర్షన్, ఇంకొకరికి ఇవ్వడానికి హక్కు ఉందా అన్న ప్రశ్నలు అడిగే వాళ్లూ లేరు, చెప్పే వాళ్లూ లేరు. కంప్యూటరు ఫార్మాట్ చేసిన రోజున ఫాంట్లన్నీ పోయేవి. మళ్లీ సీడీ వెతుక్కోవాల్సిందే.

ఈ గందరగోళానికి జవాబు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక విద్యార్థి నుంచి వచ్చింది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను బయటపెట్టాడు. కెర్నెల్ ఒక్కటే ఉంటే కంప్యూటరు నడవదు. దాని చుట్టూ వందల ప్రోగ్రాములు కావాలి. వాటన్నిటినీ కూర్చి ఫ్లాపీల కట్టగా ఇచ్చిన తొలి పంపిణీల్లో ఒకటి ఎస్ఎల్ఎస్. 1992లో పీటర్ మెక్‌డొనాల్డ్ దాన్ని తెచ్చాడు. వాడకం బాగా పెరిగింది, లోపాలూ అన్నే ఉన్నాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్‌కు అది ఏమాత్రం నచ్చలేదు. 1993 ఆగస్టు 16న తాను కొత్త పంపిణీ ఒకటి మొదలుపెడుతున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 20 ఏళ్లు. స్నేహితురాలు డెబ్రా పేరులో సగం, తన పేరు ఇయాన్ కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. అంతకు సుమారు ఒక నెల ముందు, జులైలో, ప్యాట్రిక్ వోల్కర్డింగ్ కూడా ఎస్ఎల్ఎస్‌నే బాగుచేసి స్లాక్‌వేర్ విడుదల చేశాడు. ఒకే కట్ట మీది అసంతృప్తి రెండు చోట్ల రెండు మంచి పనులకు దారితీసింది.

మర్డాక్ పట్టుకున్న సూత్రం చాలా సాదాగా కనిపిస్తుంది. మొత్తం వ్యవస్థను ఒక్కడే కూర్చడం కుదరదు. అందుకని దాన్ని ప్యాకేజీలుగా విడగొట్టాలి. ఒక్కొక్క ప్యాకేజీకి ఒక్కొక్క మనిషి బాధ్యుడుగా ఉండాలి. ఎక్కడెక్కడి వాళ్లో తయారుచేసిన ప్యాకేజీలు ఒకే కంప్యూటరులో కొట్టుకోకుండా బతకాలంటే అందరూ ఒకే నియమావళి పాటించాలి, ఆ నియమాన్ని అమలు చేసే పనిముట్టు ఒకటి ఉండాలి. ఆ పనిముట్టే డీపీకేజీ. 1994లో మొదట షెల్ స్క్రిప్టుగా పుట్టింది. తర్వాత మ్యాట్ వెల్ష్, కార్ల్ స్ట్రీటర్, మర్డాక్ కలిసి పెర్ల్ భాషలో రాశారు. ఆ ఏడాదే ఇయాన్ జాక్సన్ దాని ముఖ్య భాగాలను సీ భాషలో తిరగరాశాడు. ఆ డీపీకేజీ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

‘డెబ్’ ప్యాకేజీని విప్పి చూస్తే లోపల రెండు ముఖ్య భాగాలుంటాయి. ఒకదాంట్లో కంప్యూటరులోకి వెళ్లాల్సిన ఫైళ్లు. రెండోదాంట్లో వాటి గురించిన వివరం: పేరు, వెర్షన్, ఏ రకం ప్రాసెసర్‌కు పనికొస్తుంది, ఇది నడవాలంటే ముందుగా ఏమేం ఉండాలి, దేనితో పొసగదు, బాధ్యుడెవరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీపీకేజీ ప్రతి ఫైలు పేరునూ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఒక ప్యాకేజీ ఫైలును ఇంకో ప్యాకేజీ తొక్కేయబోతే అడ్డుపడుతుంది. కంప్యూటరులో ఏదో ఒక ఫైలు చూపించి ఇది ఎవరిదని అడిగితే ఫలానా ప్యాకేజీదని చెబుతుంది. ప్యాకేజీని చూపించి ఏమేం తెచ్చావని అడిగితే జాబితా ముందు పెడుతుంది. ఈ చిట్టా ఉంది కాబట్టే తీయడం సాధ్యమైంది.

తీయడంలోనూ వాళ్లు ఎంత ఆలోచించారో చూడండి. ‘రిమూవ్’ అంటే ప్రోగ్రాము పోతుంది, మీరు చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైళ్లు మాత్రం ఉంటాయి. రేపు మనసు మార్చుకుని మళ్లీ పెట్టుకుంటే మీ సెట్టింగులు మీకు దక్కుతాయి. అవి కూడా వద్దనుకుంటే ‘పర్జ్’ అనాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ ఫైలులో మీరు ఏమైనా మార్చి ఉంటే దాన్ని చెప్పకుండా తుడిచేయదు. మీదే ఉంచనా, కొత్తది పెట్టనా అని అడుగుతుంది. వాడేవాడు చేసుకున్న పనికి ఇంత గౌరవం ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ రోజుల్లో అరుదు. ‘ఆటోరిమూవ్’ తర్వాత వచ్చింది. మీరు అడిగి పెట్టించుకున్నవేవో, వాటి కోసం వెంట వచ్చినవేవో వేరువేరుగా గుర్తుపెట్టుకుని, అసలుది వెళ్లిపోయాక ఎవరికీ అక్కర్లేనివి మిగిలితే వాటిని తీసేస్తుంది.

దాదాపు అదే కాలంలో ఇంకొందరు కూడా ఇదే దారిన నడిచారు. ఫ్రీబీఎస్‌డీలో జోర్డాన్ హబ్బర్డ్ 1993, 1994లలో ప్యాకేజీ పనిముట్లనూ, మూలం నుంచి కట్టుకునే పోర్ట్స్ పద్ధతినీ తెచ్చాడు. రెడ్ హ్యాట్‌లో మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ 1995లో ఆర్‌పీఎం రాశారు.

చిట్టా సమస్య తీరింది. డిపెండెన్సీ సమస్య మిగిలింది. డీపీకేజీకి ఒక ప్యాకేజీ ఇస్తే, దానికి ఫలానా లైబ్రరీ కావాలి, అది లేదు అని చెప్పి ఆగిపోయేది. ఆ లైబ్రరీని మీరే తేవాలి. దానికి ఇంకో రెండు కావాలి. వాటిలో ఒకటి మీ దగ్గర ఉన్న వేరే దానితో పొసగదు. 1996 జూన్‌లో వచ్చిన డెబియన్ 1.1లో 474 ప్యాకేజీలే ఉన్నాయి. ఏడాదికేడాదికీ ఆ సంఖ్య పెరిగేకొద్దీ చేత్తో వెతుక్కోవడం మనిషి వల్ల కాలేదు. డిసెలెక్ట్ అని ఒక మెనూ ప్రోగ్రాము ఉండేది గానీ కొత్తవాళ్లు దాన్ని చూసి బెదిరిపోయేవాళ్లు. దాని స్థానంలో పెట్టడానికి ‘డీయిటీ’ అనే పేరుతో పని మొదలైంది. ఆ పనిలోంచే ఆప్ట్ పుట్టింది. దాని రూపకల్పనలో ముఖ్యుడు జేసన్ గంథార్ప్. 1998 మార్చి ఆఖరున మొదటి కూర్పు వచ్చింది. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో అది అందరి చేతికీ అందింది.

ఆప్ట్ చేసింది ఏమిటో మన ప్రాంతం వాళ్లకు చెప్పడం తేలిక. ఎక్కడో ఎగువన కురిసిన నీరు నేరుగా పొలంలోకి రాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచి, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల మీదుగా పిల్ల కాలువల్లోకి, అక్కడి నుంచి పంట బోదెలోకి వస్తుంది. ఎగువన ప్రోగ్రాములు రాసేవాళ్లు వేలమంది. వాళ్లు రాసిందంతా డెబియన్ భాండాగారం దగ్గర ఆగి, పరీక్షకు నిలిచి, ప్రపంచమంతటా ఉన్న మిర్రర్ సర్వర్లలోకి ప్రవహిస్తుంది. ఆప్ట్ మీ కంప్యూటరు దగ్గరున్న తూము. తూము ఎత్తితే ఏ కాలువ నుంచి ఎంత రావాలో అదే చూసుకుంటుంది. ‘ఆప్ట్ అప్‌డేట్’ అంటే భాండాగారంలో ఇప్పుడు ఏమేం ఉన్నాయో కొత్త జాబితా తెచ్చుకోవడం. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అంటే ఆ జాబితా ప్రకారం మీ దగ్గర పాతబడ్డవన్నిటినీ కొత్తవాటితో మార్చడం. ఈ రెంటికీ తేడా తెలియక తికమకపడే కొత్తవాళ్లు ఎంతోమంది. తేడా ఇంతే.

అయితే ఈ కాలువ పారాలంటే నెట్ ఉండాలి. మన దేశంలో ఇంటర్నెట్ సామాన్యులకు 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా మొదలైంది. టెలిఫోను తీగ మీద, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ వాడే కనెక్షన్లవి. వాటి మీద వందల మెగాబైట్లు దించుకోవడం మధ్యతరగతి విద్యార్థికి కలలో మాట. డెల్టాలోని పట్టణాలకు లినక్స్ చేరింది పోస్టులోనూ పత్రికలతోనూ. పీసీ క్వెస్ట్ వంటి పత్రికలు లినక్స్ సీడీలు జత చేసి ఇచ్చేవి. 2005 నుంచి 2011 దాకా కెనానికల్ సంస్థ ‘షిప్‌ఇట్’ పథకం కింద ఉబుంటు సీడీలను అడిగినవాళ్లందరికీ పోస్టు ఖర్చు కూడా లేకుండా పంపింది. ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లకు ఆ కవర్లు వచ్చాయో! ఆప్ట్ రాసినవాళ్లు ఇటువంటి వాళ్లను మరిచిపోలేదు. ‘ఆప్ట్-సీడీరామ్’ అన్న ఆదేశంతో సీడీని కూడా ఒక భాండాగారంగా చేర్చుకోవచ్చు. నెట్ అసలే లేని కంప్యూటరులో కూడా డిపెండెన్సీలు లెక్కగట్టి, ఏ సీడీ పెట్టాలో అడిగి, ఇన్‌స్టాల్ చేసేది. వేగమైన నెట్ ఉన్న దేశంలో కూర్చుని, నెట్ లేని ఊరి మనిషి కోసం కూడా ఆలోచించి రాసిన ఆ కోడు పట్ల నాకు ప్రత్యేకమైన కృతజ్ఞత ఉంది.

ఆర్‌పీఎం వైపు డిపెండెన్సీలు చూసుకునే ఈ పని చేసింది యమ్. డ్యూక్ విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ చూసుకునే సేథ్ విడాల్ తన సహచరులతో కలిసి, ఎల్లో డాగ్ లినక్స్ వారి పాత పనిముట్టును తిరగరాసి దాన్ని నిలబెట్టాడు. 2013 జులైలో సైకిలు మీద వెళ్తుండగా కారు గుద్ది అతను చనిపోయాడు. ఇయాన్ మర్డాక్ కూడా 2015 డిసెంబరు 28న, 42 ఏళ్లకే పోయాడు. రోజూ కోట్ల కంప్యూటర్లలో నడిచే ఆదేశాల వెనక ఉన్న ఈ ఇద్దరినీ మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా తలవవు. తలవాలి. ఆర్‌పీఎం వాడే ఫెడోరా పంపిణీలో యమ్ స్థానంలోకి 2015లో డీఎన్ఎఫ్ వచ్చింది.

ఏ ప్యాకేజీకి ఏవి కావాలో, ఏవి పొసగవో చూసి అన్నీ సరిపడే కూర్పును కనిపెట్టడం గణితం ప్రకారం ఎంత కష్టమన్నది కూడా 2000ల మధ్యలో ఐరోపా పరిశోధకులు తేల్చారు. ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠిన సమస్యల వర్గంలో అది ఒకటి. కూర్పుల సంఖ్య విపరీతంగా పెరిగిపోతుంది కాబట్టి అన్నీ ఒక్కొక్కటే ప్రయత్నించి చూడటం కుదరదు. డీఎన్ఎఫ్ వంటి కొత్త పనిముట్లు ఇందుకు తర్కశాస్త్రం నుంచి వచ్చిన శాట్ సాల్వర్లను వాడతాయి. ఎంటర్ నొక్కాక రెండు సెకన్లు ఆగినట్టు కనిపించినప్పుడు లోపల జరుగుతున్నది అదే.

ఇక తెలుగు దగ్గరికి వస్తాను. భాండాగారం ఉంటే సరిపోదు, అందులో మన సరుకు ఉండాలి. ఇక్కడ లైసెన్సు అనే మాట వస్తుంది. 1997లో డెబియన్ తన సామాజిక ఒప్పందాన్ని ప్రకటించింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి పంచవచ్చు అన్న అనుమతి ఉన్న సాఫ్ట్‌వేరునే ప్రధాన భాండాగారంలో ఉంచుతుంది. డీటీపీ సెంటర్లలో చేతులు మారిన ఫాంట్లు ఎంత అందమైనవైనా ఈ గడప దాటలేవు. పంచే హక్కు ఎవరికీ ఇవ్వలేదు కనుక. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 ఫాంట్లను జీపీఎల్ లైసెన్సుతో ఇచ్చారు కాబట్టి అవి లోపలికి వచ్చాయి. రెడ్ హ్యాట్ భారతీయ లిపులకు విడుదల చేసిన లోహిత్ ఫాంట్లలో తెలుగు కూడా ఉంది కాబట్టి అదీ వచ్చింది. తర్వాత పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, ఎన్టీఆర్ తదితర ఫాంట్లను సిలికాన్ ఆంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. ఫాంటు గీయడం ఎంత పెద్ద పనో, దాన్ని అందరికీ వదిలేయాలన్న నిర్ణయం కూడా అంతే పెద్ద పని అని నేను నమ్ముతాను. ఆ నిర్ణయం లేకపోతే ఎవరో ఒక స్వచ్ఛంద కార్యకర్త వాటిని ప్యాకేజీ చేయగలిగేవాడు కాదు, మొదట చెప్పిన ఆదేశానికి జవాబుగా కంప్యూటరు ‘ఆ పేరుతో ఏమీ లేదు’ అని చెప్పి ఊరుకునేది.

ఫాంట్లతోనే ఆగలేదు. ‘టెసరాక్ట్-ఓసీఆర్-టెల్’ అన్న ప్యాకేజీ పెట్టుకుంటే స్కాన్ చేసిన తెలుగు పేజీలోని అచ్చును కంప్యూటరు చదివి అక్షరాలుగా మారుస్తుంది. పాత పుస్తకాలు గుట్టలుగా ఉన్న విజయవాడకు ఇంతకంటే పనికొచ్చేది ఇంకేముంది? ‘ఆస్పెల్-టీఈ’లో తెలుగు పదాల పట్టిక ఉంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో మాట్లాడుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఇంకో అడుగు ముందుకు వేసిన పని ఫ్రీడమ్‌బాక్స్. మన ఇంట్లోనే మన సర్వర్ ఉండాలన్న ఎబెన్ మోగ్లెన్ ఆలోచన నుంచి 2010లో మొదలైన ఈ ప్రాజెక్టును ముందుండి నడిపిస్తున్న డెవలపర్ తెలుగువాడు, సునీల్ మోహన్ అడప. వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లి గ్రామంలో ఇంటర్నెట్ ఇవ్వడానికి ఫ్రీడమ్‌బాక్స్‌ను వాడారు. డెబియన్ కంప్యూటరు మీద అది కూడా ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రీడమ్‌బాక్స్’ అన్న ముక్కతోనే వస్తుంది.

ఇంత సులువు చేసిన దారిలో ప్రమాదాలు లేవని చెబితే అబద్ధమవుతుంది. 2021 నవంబరులో యూట్యూబులో పేరున్న లైనస్ సెబాస్టియన్ కెమెరా ముందు పాప్ ఓఎస్ అనే లినక్స్ పంపిణీలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాము పెట్టబోయాడు. ప్యాకేజీల్లో ఏదో పొరపాటు ఉండి, దాన్ని పెట్టాలంటే డెస్క్‌టాప్ మొత్తం తీసేయాలని ఆప్ట్ లెక్కగట్టింది. పెద్ద హెచ్చరిక చూపించి, నిజంగా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్టు చెయ్యి!’ అన్న వాక్యం పూర్తిగా కొట్టమంది. అతను కొట్టాడు. డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ రచయితలు ఆ తలుపును ఇంకా బిగించారు. తీసే శక్తి ఉన్న పనిముట్టు ఏం తీస్తానంటోందో చదవకుండా ‘వై’ నొక్కకూడదు. నేర్పే మాస్టార్లు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పాలి.

భాండాగారం వైపు నుంచి తీసినా చిక్కే. 2016 మార్చిలో అజర్ కొచులు అనే ప్రోగ్రామర్ జావాస్క్రిప్ట్ భాండాగారం ఎన్‌పీఎంతో పేరు విషయంలో తగాదా పడి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. అందులో ‘లెఫ్ట్-ప్యాడ్’ ఒకటి. పట్టుమని 11 పంక్తులు. దాని మీద ఆధారపడ్డ వేల ప్రాజెక్టులు ఆ రోజు కట్టుకోలేక నిలిచిపోయాయి.

వీటన్నిటికంటే భయపెట్టింది 2024 మార్చి సంగతి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామును చాలా ఏళ్లుగా దాదాపు ఒక్క ప్రోగ్రామరే చూసుకునేవాడు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అది డెబియన్, ఫెడోరాల పరీక్షా కూర్పుల దాకా వచ్చేసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజనీరు తన డెబియన్ కంప్యూటరులో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. తవ్వుకుంటూ పోయి మార్చి 29న అందరికీ చెప్పాడు. జనం విస్తృతంగా వాడే స్థిర కూర్పుల్లోకి అది ఇంకా చేరలేదు. 2007లో వచ్చిన డెబియన్ ‘ఎచ్’ నుంచీ ఆప్ట్ డిజిటల్ సంతకాలు సరిచూస్తూనే ఉంది. దారిలో ఎవరూ మార్చలేదని సంతకం రుజువు చేస్తుంది. సంతకం పెట్టిన మనిషి మంచివాడని మాత్రం రుజువు చేయలేదు. దానికి కళ్లు తెరుచుకుని చూసే మనుషులే కావాలి, ఒక ప్రోగ్రాముకు ఒక్కరు కాక ఎక్కువమంది కావాలి.

ఆ మనుషులు మన దగ్గర ఉన్నారు. కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైన దగ్గర నుంచి వడ్డేశ్వరం, గుడ్లవల్లేరు, మైలవరం దాకా డెల్టా చుట్టూ ఎన్నో కాలేజీలు వెలిశాయి. డెబియన్ ప్రకటించిన నాటికి మర్డాక్ వయసు ఎంతో, ఆ క్లాసు గదుల్లో కూర్చున్నవాళ్ల వయసూ అంతే. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో డెబియన్ వాళ్ల ప్రపంచ సభ మన పక్కనే కొచ్చిలో జరిగింది. మన విద్యార్థులు ఆప్ట్‌తో తీసుకోవడం బాగా నేర్చారు. అందులోకి ఇవ్వడం ఇంకా నేర్వాలి.

పని పెద్దదేమీ కాదు. స్వేచ్ఛా లైసెన్సు ఉండి ఇంకా భాండాగారం చేరని ఒక తెలుగు ఫాంటో, నిఘంటువో, కీబోర్డు పట్టికో చూసుకోండి. దాన్ని ప్యాకేజీ చేస్తానని డెబియన్‌లో ముందుగా నమోదు చేయండి. నియమావళి చదివి ప్యాకేజీ కట్టండి. తప్పులు చూపించి, తన పూచీ మీద లోపలికి పంపే డెబియన్ డెవలపర్ ఒకరిని వెతుక్కోండి. అటువంటి వాళ్లు మన దేశంలోనూ ఉన్నారు, అడిగితే నేర్పుతారు. ఇన్‌స్టాల్ అయిందా అన్నదే కాదు, శుభ్రంగా తీయగలుగుతున్నామా అన్నదీ పరీక్షించండి. ఆ ప్యాకేజీ వివరాల్లో ‘మెయింటెయినర్’ అని ఒక గడి ఉంటుంది. అందులో మీ పేరు రాయండి.